వాయిదా పడింది

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. ఈ కాస్త రాయడానికి పదకొండు రోజులు పట్టింది. కళ్లజోడులో ఒక అద్దం బీటవారింది. మార్పిస్తామన్నారు, నేనే వద్దన్నాను. ఇక కథ.

కొత్త పంతులమ్మ బ్యాంకు మెట్లెక్కుతుంటే పక్క నుంచి ఒక గొంతు.

"అమ్మాయ్, జీతం వచ్చిందా?"

పెన్షన్ వరసలో నిలబడ్డ ముసలాయన. కళ్లజోడు కాడకు దారం చుట్టి ఉంది. ఒక అద్దం బీటవారి ఉంది.

ముక్కూ మొహం తెలియని మనిషి.

"ఇంకా లేదండీ."

"మరి వాయిదా?"

పంతులమ్మ బిత్తరపోయింది. చదువు కోసం తను చేసిన అప్పు సంగతి ఈయనకెవరు చెప్పారు?

ఆ అప్పు కాగితాలన్నీ తల్లే చూసుకుంది. జామీను సంతకం అనేసరికి చుట్టాలందరి కలాల్లోనూ సిరా ఒక్కసారే ఇంకిపోయింది. చివరికి, "మీ నాన్నతో పనిచేసినాయన ఎవరో పెట్టాడులే, నువ్వు చదువు చూసుకో" అంది తల్లి. పంతులమ్మ చదువే చూసుకుంది.

ఇప్పుడు ఉద్యోగం వచ్చింది. జీతమే రాలేదు. వాయిదా తప్పితే బడికి నోటీసు వెళుతుందని భయం. చేరి నెలైనా కాలేదు, పెద్ద పంతులమ్మ ముందు తలెత్తుకునేదెలా?

కౌంటరు దగ్గర గొంతు తగ్గించి అడిగింది.

"సార్, జీతం ఆలస్యమైంది. ఈ నెల వాయిదా..."

గుమాస్తా కంప్యూటర్ చూశాడు.

"పడిందమ్మా."

"వాయిదా పడిందా?"

"పడిందన్నాగా. జరగండి, వెనక జనం ఉన్నారు."

గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఆమె తెలుగు చెప్పే పంతులమ్మ. ఆ మాటకు అర్థం ఇంకొకరిని అడగాల్సిన ఖర్మేముంది?

బయటికొస్తూ ముసలాయనతో తనే అంది.

"వాయిదా పడింది తాతగారూ!"

"తెలుసమ్మా" అన్నాడాయన.

రెండో నెలా అంతే. మూడో నెలా అంతే. "జీతం వచ్చిందా?" అని ఆయన అడగడం, ఆమె తల అడ్డంగా ఊపడం, గుమాస్తా "పడింది" అనడం.

ఎవరీయన? బ్యాంకు మనిషా? అప్పు వసూలు చేసేవాళ్ల వేగువాడా? బడిలో తోటి పంతులమ్మలతో చెప్పి నవ్వింది. వాళ్లు ఆయనకు 'ఆరా తాత' అని పేరు పెట్టారు.

మూడో నెల ఉండబట్టలేక తనూ ఒక ఆరా తీసింది.

"ఆ అద్దం మార్పించుకోకూడదా తాతగారూ?"

"అదీ వాయిదా పడిందమ్మా" అని నవ్వాడు.

నాలుగో నెల జీతం వచ్చింది, పాత బాకీతో సహా. ఆమె ఇనప బీరువా కొంది. కొత్త చెప్పులు కొంది. ఆ చెప్పులతోనే మెట్లెక్కింది.

"ఆ మూడు నెలలదీ కట్టేస్తున్నావా అమ్మాయ్?"

"అవి పడ్డాయిగా! చివర్లో చూసుకుంటా."

"చివరిదాకా ఎందుకమ్మా? జీతం ఇంటికి దారి తెలుసుకునేలోపే వాయిదా కట్టేయాలి."

వరసలో నలుగురూ తిరిగి చూశారు. పంతులమ్మకు ఒళ్లు మండింది.

"నేను కడితే మీకేంటి, కట్టకపోతే మీకేంటి? మీ జేబులోంచి పోతోందా?"

ఆయన చెయ్యి జేబు మీదికి వెళ్లింది.

"నా జేబులో ఏముందమ్మా, కళ్లజోడు డబ్బా తప్ప."

మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఒకటో తారీకున ఆమె కనబడితే తల మాత్రం పంకించేవాడు. ఆమె చూడనట్టు పోయేది.

మాట మాత్రం మనసులో ఉండిపోయింది. జీతం రాగానే బడి నుంచి నేరుగా బ్యాంకుకే వెళ్లేది. నాలుగేళ్లలో ఒక్క నెలా తప్పలేదు. ఆ వరసలో ముసలాయన ఎప్పటి నుంచి కనబడటం లేదో కూడా ఆమె గమనించలేదు.

ఆఖరి వాయిదా కట్టింది.

"సార్, మొదట్లోవి మూడున్నాయి. అవీ కట్టేస్తాను."

"ఏ మూడు?"

"వాయిదా పడ్డవి."

"పడ్డవి మళ్లీ ఎందుకు కడతారు టీచరమ్మా?"

"పడ్డవే కదా కట్టాల్సింది?"

గుమాస్తా ఆమెను వింతగా చూశాడు.

"పడ్డాయంటే ఖాతాలో పడ్డాయని. జీతం పడింది అనమూ, అలాగ. మీరు కట్టని నెల జామీను పెట్టినాయన పెన్షన్‌లోంచి కోసుకుంటాం."

అప్పు తీరిన కాగితాలు ముందుకు తోశాడు. జామీను సంతకం పక్కన చిన్న ఫోటో.

అదే కళ్లజోడు. అద్దం ఇంకా బీటవారలేదు.

పంతులమ్మ చప్పున పెన్షన్ వరస వైపు తిరిగింది.

"ఈయన... ఇవాళ రాలేదా?"

"ఆయన పోయి ఏడాది దాటింది. పెన్షన్ ఇప్పుడు భార్య పేరున పడుతోంది. అదిగో, ఆ చివర, వేలిముద్ర వేసి సిరా తుడుచుకుంటోందే, ఆవిడే."

పంతులమ్మ వెళ్లి ఆ సిరా వేలు పట్టుకుంది.

"అమ్మా, మీకు మూడు వాయిదాలు బాకీ ఉన్నాను."

"డబ్బు నేనేం చేసుకుంటాను తల్లీ?" అంది ముసలావిడ. "ఈ సిరా ఎంత కడిగినా పోవడం లేదు. సంతకం నేర్పుతావా?"

ఇట్లు,
ఆరా తాత భార్య,
అరవై ఎనిమిదేళ్లు.
ఇప్పుడు ఉండేది పంతులమ్మ ఇంట్లో, వీధి వైపు గదిలో.