బోలు మోత

మూడోసారి కూడా అదే మైదానం, అదే టెంటు. గోదావరిఖని నుంచి మంచిర్యాలకు వేస్తామన్న టౌన్ రైలుకు మళ్లీ శంకుస్థాపన.

"ఈసారైతే వస్తదేమో," అంది సారవ్వ. డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు షేర్ ఆటోలో ఇరుక్కుని మంచిర్యాల దవాఖానకు పోయే మనిషి. ఆమె ఆశపడక ఎవరు పడతారు?

పక్క కుర్చీలో ఆమె భర్త బుచ్చన్న. బొగ్గు బాయిలో ముప్పై ఏళ్లు కప్పు చూసినవాడు. కర్రతో పైకప్పును తట్టి, మోత గట్టిగా ఉందో బోలుగా ఉందో విని, దాని కింద మనుషులు ఉండొచ్చో లేదో చెప్పడమే అతని డ్యూటీ.

"వచ్చే దసరాకు మీరంతా రైలెక్కుతారు!" మైకులో అధికారి అన్నాడు.

బుచ్చన్న లేచి వెళ్లి, వేదిక పక్కనున్న నల్లటి శిలాఫలకాన్ని చేతికర్రతో తట్టాడు. అది రాయిలా మోగలేదు. రంగేసిన చెక్క.

"పెద్దాయనా, ఏం చేస్తున్నావక్కడ?"

"కప్పు చూస్తున్న సారూ."

ఇంకోసారి తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. తర్వాత జనం వైపు తిరిగి బాయిలో అరిచినట్టే అరిచాడు.

"బోలున్నది! బయటికి నడువుండ్రి!"

ఆ కేక వింటే బాయిలో ఎందుకని ఎవరూ అడగరు. షిఫ్టు దిగి వచ్చినవాళ్లు, రిటైరైనవాళ్లు అందరూ ఒక్కసారే లేచారు. కుర్చీలు ఖాళీ అయ్యాయి.

"ఏంది? మీకు రైలు వద్దా?" మైకు గద్దించింది.

అందరికంటే వెనక నడుస్తున్న సారవ్వ ఆగి, వెనక్కి తిరిగింది.

"కావాలె సారూ. గందుకే లేసినం."