పసుపు గీత

ఆసుపత్రి వరండాలో పసుపు గీత దగ్గరికి రాగానే అల్యూమినియం చక్రాల కుర్చీ ఆగిపోయింది.

"ఇక్కడి నుంచి మీరే తీసుకెళ్లండి బాబూ" అన్నాడు తోస్తున్న ముసలాయన.

"అదేంటి? గది అదిగో, ఇరవై అడుగులు కూడా లేదు."

"నేను ఇక్కడిదాకే బాబూ."

మెకానిక్‌కి ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషి. అంతస్తుకు జానెడు కింద ఆగిపోయే లిఫ్టన్నా, పని సగంలో వదిలేసే మనిషన్నా అతనికి ఒకే రకం మంట.

కుర్చీలో ఉన్న తొమ్మిదేళ్ల కూతురు మాత్రం వెనక్కి తిరిగి ముసలాయనకి చెయ్యి ఊపింది. ఆసుపత్రిలో పిల్లలంతా ఆయన్ని బండి తాత అంటారు. ఒక కాలు కాస్త ఈడుస్తూ, ఏదో ఒక కబురు చెబుతూ తోస్తాడు.

"తాత గీత దాటడు నాన్నా. దాటితే లోపలున్న అయస్కాంతం లాగేస్తుందట."

"నీ చెవిలో బాగానే పువ్వు పెట్టాడు" అన్నాడు మెకానిక్.

పిల్లకి పుట్టుకతోనే గుండె బలహీనం. నాలుగు మెట్లెక్కితే పెదాలు నీలంగా మారిపోతాయి. లోపం ఒక జన్యువులో ఉందన్నారు. మంచి జన్యువుని, కంటికి కనిపించనంత చిన్న ఇనుప రేణువులకి అంటించి రక్తంలోకి ఎక్కిస్తారు. ఛాతీ మీద అయస్కాంతం పెట్టి వాటిని గుండె దగ్గరే ఆపుతారు.

లోపల డాక్టరమ్మ ఒప్పుకోలు కాగితాలు ముందుకు జరిపింది. మెకానిక్ పెన్ను పట్టుకున్నాడే గానీ చెయ్యి సాగలేదు.

"ముందు ఎవరికైనా చేశారా అమ్మా?"

"ముగ్గురికి. మొదటాయనకి గుండె దగ్గర ఆగలేదు. రేణువులన్నీ వేరే చోట పేరుకుని అక్కడే ఉండిపోయాయి. తప్పు మాదే. అయస్కాంతం ఎంత బలంగా ఉండాలో, ఎంతసేపు పెట్టాలో ఆయన వల్లే తెలిసింది. తర్వాతి ఇద్దరిలో ఒకరికి పనిచేసింది."

"ఆ మొదటాయన బతికే ఉన్నారా?"

"ఉన్నారు."

"ఒక్కసారి చూపించండి. రెండు మాటలు అడిగి సంతకం పెడతాను."

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"తనని చూస్తే కన్నవాళ్లు భయపడి మధ్యలోనే మానేస్తారని ఆయన దిగులు. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నారు. మూడు మోతాదులూ అయ్యాక అడుగుతాను. ఒప్పుకుంటే తప్పకుండా చూపిస్తాను."

మెకానిక్ కళ్లు మూసుకుని సంతకం పెట్టేశాడు.

మొదటి మోతాదు రోజున గది గుమ్మం దగ్గర కుర్చీ చక్రం ఇరుక్కుంది. మెకానిక్ ఎంత లాగినా రాలేదు. ఇంతలో పిల్లకి ఆయాసం మొదలైంది.

"ఒక చెయ్యి వెయ్యవయ్యా" అని అరిచాడు.

ముసలాయన గీత మీదికి వచ్చాడు. ఒక అడుగు ముందుకు వేయబోయి, తుంటి పట్టుకుని ఆగిపోయాడు. "నర్సమ్మా, నర్సమ్మా" అని కేకలు పెట్టాడే గానీ గీత దాటలేదు.

నర్సు పరుగెత్తుకొచ్చింది. కాసేపటికి పిల్ల తేరుకుంది. మెకానిక్ తేరుకోలేదు.

"పిల్ల ప్రాణం మీదికొస్తే గీత చూసుకుంటూ నిలబడతావా? నువ్వూ ఒక మనిషివేనా?"

ముసలాయన ఏదో చెప్పబోయాడు. లోపలికి వెళ్తున్న పిల్ల వైపు చూసి, ఆ మాట మింగేశాడు.

"తప్పయిపోయింది బాబూ" అన్నాడు.

మెకానిక్ అంతటితో ఊరుకోలేదు. ఆఫీసుకి వెళ్లి ఫిర్యాదు పుస్తకంలో పేజీ నిండా రాశాడు. పని చెయ్యని వాళ్లని ఎందుకు పెట్టుకుంటారని నిలదీశాడు. చూసుకుంటామన్నారు.

రెండో మోతాదుకి వచ్చేసరికి కొత్త మనిషి ఉన్నాడు. గీత తొక్కుకుంటూ కుర్చీని గది లోపలిదాకా తోసి పెట్టాడు.

"చూశావా, పనంటే ఇలా చెయ్యాలి" అన్నాడు మెకానిక్.

కూతురు గీత వైపే చూస్తూ ఉండిపోయింది.

"తాత కబురు సగంలో ఆపేశాడు నాన్నా. మిగతాది ఇవాళ చెప్తానన్నాడు."

మెకానిక్‌కి ఎక్కడో కలుక్కుమంది. కానీ లోపల అయస్కాంతం దింపుతున్నారు. ఆ భయం ముందు ఇంకేదీ నిలవలేదు.

మూడో మోతాదూ అయింది. మూడు నెలలు గడిచాయి.

ఆసుపత్రి మెట్లు పన్నెండు. పిల్ల పన్నెండూ తనే ఎక్కింది. పైకి వెళ్లి నిలబడి, వెనకాల రొప్పుతూ వస్తున్న తండ్రిని చూసి నవ్వింది. పెదాలు ఎర్రగానే ఉన్నాయి. మెకానిక్ అక్కడే మెట్టు మీద కూలబడి, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

కళ్లు తుడుచుకుని నేరుగా డాక్టరమ్మ గదికి వెళ్లాడు.

"ఇప్పుడైనా ఆ మొదటాయన్ని చూపించండమ్మా. రెండు చేతులూ పట్టుకుని ఒక మాట చెప్పాలి."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"పోయిన నెలలో పోయారు. ఆయన గుండెకి మందు అందలేదు కదా. ఇంట్లో ఒక్కరే ఉన్నారట. మాకు రెండు రోజుల తర్వాత తెలిసింది."

మెకానిక్ బల్ల దగ్గరికి జరిగాడు.

"ఆయన ఎవరో అయినా చెప్పండి."

డాక్టరమ్మ లేచి తలుపు తీసింది. బయట వరండాలో కొత్త మనిషి ఇంకో పిల్లాణ్ణి తోసుకుంటూ పోతున్నాడు.

"అదిగో, ఆ పసుపు గీత చూశారా? ఆయన తుంటిలో ఉండిపోయిన రేణువుల్ని లోపలి అయస్కాంతం లాగకుండా, ఆయన ఎక్కడ ఆగాలో గుర్తుగా మేమే గీశాం."