ఐసు పెట్టెలో పాలు

“ఈ పొద్దు కూడా మెషిన్ పాలేనా?” అంది బొమ్మి.

“అవునక్కా. నాలుగు సీసాలు.” మంగళం ఐసు పెట్టెను ఒడిలో పెట్టుకుని, పసిబిడ్డల వార్డు బయట బెంచీ మీద కూర్చుంది. రాజపాళయం టౌన్ బస్సులో నిలబడి వచ్చిన కాళ్లు లాగుతున్నాయి.

“ఇక్కడికి వచ్చి బిడ్డను రొమ్ముకు పట్టేదానికి నీ కోడలికి ఏం రోగం? మా సుగంధిని చూడు. దినానికి ఎనిమిది తడవలు లోపలికి పోయి పాలిచ్చి వస్తా ఉండాది.”

సేత్తూరు నుంచి వచ్చిన బొమ్మిది నెల రోజులుగా ఇదే మాట. ఏడో నెలలో పుట్టిన ఆమె మనవడు అప్పుడు కిలో మూడు వందల గ్రాములు. పాలు పడని కోడలు నాకెందుకని మొదటి రెండు రోజులు ఆస్పత్రి అదిరేలా అరిచింది. మూడో రోజు నుంచి ఆ మాట మానేసి, కనబడినవాళ్లకల్లా కోడలి పాల గొప్ప చెప్పడం మొదలుపెట్టింది. వార్డులోకి తల్లులను తప్ప ఎవరినీ రానివ్వరు.

“మెషిన్‌తో పిండినా అమ్మ పాలే అక్కా,” అంది మంగళం. “నేను స్పిన్నింగు మిల్లులో ఉన్నప్పుడు బిడ్డ ఇంట్లో, నేను షిఫ్టులో. రవిక తడిసిపోయేది. గోడ చాటుకు పోయి పిండి కాలవలో పోసినాను. మా కోడలు జనని ఒక్క చుక్క పారబోయలేదు.”

“ఏం చెప్పినా డబ్బా పాలు డబ్బా పాలే!”

మంగళం ఐసు పెట్టె మూతను గట్టిగా నొక్కింది.

నర్సు దర్శిని బయటికి వచ్చి, ఐసు పెట్టె అందుకుంది. “బొమ్మి అవ్వా, మీ మనవడు రెండు కిలోలు దాటినాడు. ఇప్పుడు బాగా రొమ్ము పట్టి తాగుతా ఉండాడు. ఇంటికి తీసుకొని పోండి.”

“ఇప్పుడేంది, నెలగా అదే కదా!” బొమ్మి గొంతు వరండా అంతా మోగింది. దర్శిని చీటీ రాయసాగింది.

సుగంధి బిడ్డతో వచ్చింది. బుగ్గలు నిండాయి, తొడలు కాస్త కండ పట్టాయి. మంగళం కళ్లార్పకుండా చూసింది. ఆమె గుండె పొంగింది. సుగంధి చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది, వదలలేదు. కళ్లనీళ్లతో ఏదో చెప్పబోయింది. మంగళం వద్దన్నట్టు మెల్లగా తలాడించింది.

“ఏడుపెందుకే?” అంది బొమ్మి కోడలితో.

“సంతోషంలే అక్కా,” అంది మంగళం.

బొమ్మి పటికబెల్లం ముక్క ఒకటి మంగళం నోట్లో పెట్టింది. “వీడి పుష్టి చూసినావు కదా? పోయి నీ కోడలికి చెప్పు, రొమ్ము పాలంటే ఏందో!”

“చెప్తానక్కా. తప్పకుండా చెప్తాను.”

వాళ్ల ఆటో కదిలేదాకా చూసి, మంగళం కొంగుతో కళ్లు తుడుచుకుని ఇంటికి ఫోన్ చేసింది.

“జననీ, పాప తాగిందా?”

“ఇప్పుడే నా ఒళ్లో తాగి నిద్దరపోయినాది అత్తా. గొంతు ఏమి అట్లుండాది?”

“నీ పాలు తాగినోడు ఇంటికి పోయినాడమ్మా.”