తొట్టిలో నీసు

నారాయణ శెట్టి పెరట్లో మూడు తొట్లు, మూడింటి నిండా నీళ్లు. రెండు రోజులకోసారి కొళాయి వచ్చే ఆ ప్రొద్దుటూరు వీధిలో అది చిన్న ఆస్తి కాదు.

ఆ ఉదయం పెరట్లోకి వెళ్తే, సందు వైపు తలుపు తెరిచి ఉంది. ఎవరో మనిషి ప్లాస్టిక్ క్యాను పట్టుకుని తొట్ల మీదికి వంగి ఉన్నాడు.

“ఎవురప్పా నువ్వు? ఈడేం చేస్తాండావు?”

“దావూద్ అంటారు శెట్టీ. దోమల కోసం చేపలేస్తాండా. పురుగుల్ని తినేస్తాయి.”

చేపలు!

వేలెడు కూడా లేనివి, మూడు తొట్లలోనూ తిరుగుతున్నాయి.

“నీసు ముట్టని కొంపరా ఇది! దేవుని సామాన్లు ఈ నీళ్లతోనే కడుగుతాం!”

“ఇంట్లో పాప ఉండాది కదా శెట్టీ...”

“మా పాపతో నీకేం పని? మున్సిపాలిటీ పంపిందా? ఏదీ, కాయితం చూపీ.”

కాయితం లేదు.

“మరి నీకేంది లాభం?”

దావూద్ క్యాను మూత బిగించాడు.

లాభం లేకుండా ఎవడూ పరాయి గుమ్మం తొక్కడని శెట్టి నమ్మకం. క్యాను లాక్కుని గోడకేసి కొట్టాడు.

“ఇంగోసారి కనపడితే పోలీసులకు పట్టిస్తా. పో!”

తర్వాత టీ జల్లెడతో చేపలన్నీ ఏరి పారేశాడు. నీళ్లు పారబోయడానికి మాత్రం మనసొప్పలేదు. చిటికెడు పసుపు చల్లి, శుద్ధి అయిందనుకున్నాడు.

మూడు వారాలకు మనవరాలు ఐశ్వర్యకు డెంగీ వచ్చింది. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండి, చావు తప్పి ఇల్లు చేరింది.

ఆరోగ్య కార్యకర్త సుప్రియ వచ్చి తొట్లలోకి టార్చి వేసింది.

“ఈ రెండింట్లో శానా పురుగులుండాయి పెద్దాయనా. దీంట్లో ఒక్కటీ లేదు. ఒక్కదాంట్లోనే చేప వేసినారేంది?”

జల్లెడకు చిక్కని చేప ఒకటి అడుగున తిరుగుతోంది.

శెట్టి సందులోకి పరుగెత్తాడు. దావూద్ ఇల్లేదని అడిగితే, తన పెరటి గోడ అవతలి ఇల్లే చూపించారు. తాళం వేసి ఉంది.

“కువైట్ పోయినాడు,” అంది పక్కింటి పీరాంబీ.

“ఇంగ కొన్ని చేపలు కావాల్నమ్మా.”

ఆమె ఎగాదిగా చూసింది.

“ఓహో, ఆ శెట్టివి నువ్వేనా! పోయినేడు వాళ్ల పాప జువేరియా డెంగీతోనే పాయ. ఈయేడు వాడు గోడెక్కి చూస్తే మీ తొట్ల నిండా పురుగులు. కొట్లాటకు పోరా అని మేమంతా ఎగదోసినాం.”

“మరి?”

“‘కొట్లాడితే నాకేమొస్తాది? చేపలేస్తే ఆ ఇంటి పాపన్నా మిగుల్తాది’ అని, క్యాను తీస్కోని మీ ఇంటికొచ్చినాడు.”