ఎవరూ రాని గది

ఫోన్‌లో సెబిన్ పాట పాడుతోంది. సగంలోనే ఇన్‌హే ఆపించేసింది.

"అమ్మా, ఇంకా అయిపోలేదు!"

"తెలుసు బంగారం. మీటింగ్‌కి పిలుస్తున్నారు. రాత్రికి పాడుదువుగాని."

అమ్మ ఆఫీసులోంచి బయటపడి ఫోన్ చేసేసరికి తాను నిద్రపోతానని ఆ ఆరేళ్ల పిల్లకీ తెలుసు.

సెబిన్ దూరాన సున్‌చన్ ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. తండ్రి ఓడ మీద ఇంజనీరు, ఏడాదిలో సగం సముద్రంలోనే. ఇన్‌హే రేవు నగరం బుసాన్‌లో ఓడల విడిభాగాలు చేసే కంపెనీలో ఉద్యోగి. పాపని చూసేది శనివారాల్లోనే. ఈమధ్య ఆ శనివారాలు కూడా ఆఫీసే మింగేస్తోంది.

మీటింగ్ అయ్యాక కళ్లు తుడుచుకోవడానికి వెనక మెట్ల వైపు వెళ్లింది.

అక్కడో తలుపు ఓరగా తెరిచి ఉంది. పైన 'మనసు విశ్రాంతి గది' అని బోర్డు. ఉద్యోగుల బాగు కోసమంటూ కంపెనీ ఆ ఏడాదే పెట్టింది. లోపల ఆ గదిని చూసుకునే పెద్దావిడ ఒంటరిగా కూర్చుని కమలాపండు ఒలుస్తోంది.

"రండి, హీటర్ వేశాను, నేల వెచ్చగా ఉంది," అంది.

"ఒక్క నిమిషం కూర్చుని వెళ్లిపోతానండీ."

ఆవిడ బార్లీ టీ పోసి ఇచ్చింది. ఏమైందని అడగలేదు. ఇన్‌హేయే నోరు విప్పింది.

"మా పాప పాట పాడుతుంటే ఫోన్ పెట్టేశాను."

"ఏం పాట?"

"కప్పల పాట. చివరిదాకా వినలేదు."

"విన్నంతవరకూ పాడండి మరి."

ఇన్‌హే పాడింది. రెండో చరణం దగ్గర ఆగి, మొహం చేతుల్లో దాచుకుంది. ఆవిడ లేచి తలుపు మూసి, దానికి వీపు ఆనించి కూర్చుంది.

"ఏడవండి. ఎవరొచ్చినా నేను చూసుకుంటా."

ఆ తర్వాత వీలు చిక్కినప్పుడల్లా, భోజనం వేళ అందరూ కిందికి దిగాక, ఇన్‌హే వెనక మెట్లెక్కేది. ఒక్కోసారి ఏమీ మాట్లాడకుండా నిద్రపోయేది. ఆవిడే దుప్పటి కప్పి, టైముకి లేపేది.

కానీ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది?

విభాగం పెద్ద ప్యో నోటికి అంతా భయపడేవారు. ఆయన భార్యాబిడ్డలు చదువుల కోసం కెనడాలో ఉన్నారు. ఇంట్లో ఎదురుచూసేవాళ్లు లేరు కాబట్టి ఆయన ఇంటికి వెళ్లడు, ఎవర్నీ వెళ్లనివ్వడు.

"జీతం తీసుకుని టీ కాచుకుంటోంది! వచ్చే జన్మంటూ ఉంటే నేనూ ఆ గదిలోనే పుడతా," అనేవాడు ఆవిడ ఎదురైనప్పుడల్లా.

అందరూ నవ్వేవారు. ఇన్‌హే కూడా.

శీతాకాలం వచ్చేసరికి ఆర్డర్లు తగ్గాయి. మనుషుల్ని తగ్గిస్తారన్న గుసగుస మొదలైంది. ఒకరోజు పైనుంచి వచ్చిన అధికారి అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు.

"ఆ విశ్రాంతి గదికి ఎవరైనా వెళ్తున్నారా? చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. ఇన్‌హే తన చేతుల్ని ఒళ్లో గట్టిగా పట్టుకుంది.

తర్వాతి సోమవారం ఆ గదికి తాళం పడింది.

మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే ఆవిడ బస్టాపులో నిలబడి ఉంది, చేతిలో బట్టతో కట్టిన మూట. పరిగెత్తుకెళ్లి ఒక్క మాట చెప్పాలనుకుంది ఇన్‌హే.

"ఇన్‌హే గారూ, ఆ లెక్కలు ఏవీ?" ప్యో గొంతు.

లెక్కలు ఇచ్చి తిరిగొచ్చేసరికి బస్సు వెళ్లిపోయింది.

మనుషుల్ని తగ్గించారు. పక్క విభాగాల్లో బల్లలు ఖాళీ అయ్యాయి. ఇన్‌హే వాళ్ల విభాగం మాత్రం ఎలాగో గట్టెక్కింది. భోజనం వేళ ఆమె కాళ్లు ఇంకా వెనక మెట్లవైపే లాగేవి. తాళం వేసిన తలుపుకి వీపు ఆనించి కాసేపు కూర్చునేది. లోపలినుంచి 'రండి' అని ఎవరో పిలుస్తారేమోనని చెవి ఒగ్గేది.

వసంతంలో సిబ్బంది వ్యవహారాలు చూసే తక్ ఉద్యోగం మానేశాడు. వీడ్కోలుగా ఇన్‌హే విభాగమంతా అతనితో కలిసి ఎముకల పులుసు హోటల్‌కి వెళ్లారు. ఆ పులుసు ఆవిరిలో ప్యోకి హుషారొచ్చింది.

"ఏమయ్యా తక్, నువ్వు అందర్నీ పీకావు సరే, ఆ టీ ఆవిణ్ణి పీకావు చూడు, అదొక్కటే మంచి పని!"

నవ్వడానికి అందరూ సిద్ధమయ్యారు. తక్ మాత్రం చెంచా కింద పెట్టాడు.

"ఆవిణ్ణి మేం పీకలేదు సార్."

"మరి?"

"ఆ గదికి ఎవరెవరు వస్తున్నారో పేర్లు చెప్పమని పైవాళ్లు ఆవిణ్ణి అడిగారు. నిద్రపట్టనివాళ్లని, ఏడ్చేవాళ్లని ముందు సాగనంపుదామని. చెబితే ఆవిడ ఉద్యోగం పర్మనెంట్. నేను పక్కనే ఉన్నాను."

"చెప్పిందా?" ప్యో బల్ల మీదికి వంగాడు.

"ఏడాదిలో ఒక్కరూ రాలేదంది. ఎవరూ రాని గదికి మనిషెందుకని అడిగారు. 'నిజమే, అక్కర్లేదు' అని లేచి వెళ్లిపోయింది."

ఇన్‌హే తల దించుకుంది. గిన్నెలో పులుసు మసకబారింది. తన కన్నీళ్లు ఎవరైనా చూశారేమోనని మెల్లగా తలెత్తింది.

ఎవరూ ఆమెని చూడటం లేదు. ఎదురుగా కూర్చున్న కుర్రాడి పెదాలు వణుకుతున్నాయి. పక్కనున్నావిడ మొహానికి రుమాలు అడ్డం పెట్టుకుంది. ప్యో కళ్లద్దాలు తీసి, టైతో తుడుస్తూనే ఉన్నాడు.

"ఆవిడ ఇప్పుడెక్కడుందో ఎవరికైనా తెలుసా?" అన్నాడు చివరికి, తల ఎత్తకుండానే.

ఎవరికీ తెలియదు. ఆ బల్ల చుట్టూ ఉన్న ఒక్కొక్కరూ తన ఒక్కరి కోసమే ఆ గదిలో ఉందనుకున్న మనిషి, వాళ్లందరినీ కాపాడటానికి తానే బస్సెక్కి వెళ్లిపోయింది.