జంట పట్టీలు

ఆ రోజుల్లో కాకినాడలో నరాల పట్టీ లేని ఇల్లు లేదు. పక్షవాతం వచ్చి భార్య వరహాలమ్మ కుడిచెయ్యి పడిపోగానే భూషణం కూడా ఒక జత తెచ్చాడు. ఒకటి తన చేతికి కట్టుకుని, రెండోది ఆవిడ చేతికి కట్టాడు. అతని నరాలు కండరాలకు ఏం చెప్తే అదే ఆవిడ కండరాలకూ అందేది. అలా ఆడిస్తూ ఉంటే ఎప్పటికైనా ఆవిడ నరాలే మేలుకుంటాయని డాక్టరమ్మ చెప్పింది.

అప్పట్నుంచీ ఇంట్లో రోజూ తగువే. అతను వీపు గోక్కుంటే ఆవిడా గోక్కునేది. అతను పాలావిడకి చెయ్యి ఊపితే ఆవిడ చెయ్యీ ఊగేది.

"ఆవిడకి నేనెందుకండీ టాటా చెప్పాలి?" అని మండిపడేది వరహాలమ్మ.

అసలు చిక్కు కాజాలతో వచ్చింది. భూషణానికి షుగరు. దొంగతనంగా డబ్బాలో చెయ్యి పెట్టాడంటే చాలు, టీవీ ముందున్న ఆవిడ చెయ్యి గాల్లోకి లేచేది. "మళ్ళీ కాజానా?" అని వెంటనే కేక.

నెలలు గడిచినా ఆ చెయ్యి తనంతట తాను వేలైనా కదపలేదు. ఇక రాదేమోనని భూషణం లోలోపలే బెంగపెట్టుకున్నాడు.

ఒక సాయంత్రం ఆవిడ సోఫాలో కునికిపాట్లు పడుతోంది. పట్టీ విప్పేస్తే ఆవిడ చెయ్యి లేవదు కదా అని భూషణానికి అప్పుడు తట్టింది. చప్పుడు కాకుండా తన పట్టీ విప్పి, సోఫా పక్కనున్న డబ్బాలోకి చెయ్యి పోనిచ్చాడు.

ఆ చేతిమీద చెళ్ళున దెబ్బ పడింది.

"బుద్ధుందా మీకు?" అని అరిచిన వరహాలమ్మ, తన చేతివంక చూసుకుని అలాగే నోరు తెరిచింది. కొట్టింది కుడిచెయ్యి.

భూషణం కళ్ళు తుడుచుకుని, చెయ్యి మళ్ళీ ఆవిడ ముందు చాపాడు.

"ఇంకొక్కటి వెయ్యి, వరాలూ."