మొహం చూసేంత సేపు

కనకరాజు బుద్ధి గడ్డి తిని, నల్లటి బొమ్మ తుపాకీ నడుముకి తగిలించుకుని మరీ బంగారం కొట్లో అడుగుపెట్టాడు.

అదీ ఎప్పుడు? బందుల్లేని వారం దొరకడమే గగనమైన రెండువేల పదకొండులో, శ్రావణ శుక్రవారం పూట, ఉప్పల్ చౌరస్తాలో! కొట్టు నిండా ఆడవాళ్లే.

"పట్టాభిరామయ్య గారూ, ఇటు చూడండి!" అంటూ తుపాకీ లాగి చెయ్యి బారుగా చాచాడు.

పాపం, అతని ఉద్దేశం వేరు. తను చేసిన ప్లాస్టిక్ ఒరలోంచి తుపాకీ ఎంత చులాగ్గా వస్తుందో యజమానికి చూపిద్దామని.

కెవ్వుమని కేకలు. ఎవరో బల్లకింద దూరారు. పట్టాభిరామయ్య రెండు చేతులూ పైకెత్తేశాడు.

"అయ్యయ్యో, బొమ్మండీ ఇది! నేనండీ, నాచారం కనకరాజుని!"

అందరూ తేరుకునేసరికి కాసేపు పట్టింది. అప్పుడు చూశారు, గుమ్మం దగ్గర కాపలా ఉండే గన్‌మన్ మొగిలయ్యని. అరవైకి దగ్గరపడ్డ మనిషి. తల వంచుకుని, నడుముకున్న పాత తోలు ఒర గుండీలతో కుస్తీ పడుతున్నాడు. వేళ్లు వణుకుతున్నాయి.

"ఏమయ్యా, ఇంకా ఊడలేదా?" అన్నాడు పట్టాభిరామయ్య.

కొట్టంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది కనకరాజే.

మొగిలయ్య నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"చూశారా సార్, తోలుతో ఇదే తంటా!" కనకరాజు దొరికిన సందు వదల్లేదు. "వానకి ఉబ్బుతుంది. చెమట పీల్చి తుపాకీకి తుప్పు పట్టిస్తుంది. ఇదైతే ప్లాస్టిక్ రేకుని వేడిచేసి బొమ్మ తుపాకీ మీద నొక్కేస్తే అచ్చంగా అదే ఆకారం. టక్కున వస్తుంది, టక్కున కూర్చుంటుంది."

పట్టాభిరామయ్యకి ఆరు కొట్లు, పద్దెనిమిది మంది గన్‌మెన్లు. ఆర్డరు అక్కడికక్కడే ఖాయమైంది. ఇది తప్పితే ఇక తన ప్లాస్టిక్ షెడ్డుకి తాళమే అనుకుంటున్న కనకరాజుకి ప్రాణం లేచొచ్చింది.

నాలుగో రోజు మొగిలయ్య నాచారం షెడ్డుకి వచ్చాడు.

"కొత్తది ఏసుకోకుంటే కొలువు లేదంటున్నడు మా సేఠు. నాకు తోలుదే ఉండనియ్యమని నువ్వొక్క మాట జెప్పు బిడ్డా. నీ మాటింటడు."

"ప్లాస్టిక్‌కేం లోటు పెద్దాయనా?"

"లోటేం లేదు. మస్తుగున్నది. గని జల్ది వస్తది."

కనకరాజు నోరెళ్లబెట్టాడు. "జల్దీ రావడమే కదా కావాల్సింది!"

"గుండీలు ఇప్పేలోపట ఎదుటోని మొహం సూస్తం. నీ దాంట్ల గా టైమ్ లేదు."

తలా తోకా తెలియలేదు కనకరాజుకి. దొంగ మొహం చూసేదేమిటి, పెళ్లిచూపులా?

"గా దినం రాత్రి నాకు నిద్ర వట్టలే," అన్నాడు మొగిలయ్య.

"బొమ్మ తుపాకీకేనా? ఇంత పిరికి గుండెతో ఈ ఉద్యోగం ఎలా చేస్తున్నావయ్యా?"

మొగిలయ్య అతనికేసి అదేపనిగా చూశాడు.

"పిల్లలెందరు నీకు?"

"ఇద్దరాడపిల్లలు. ఏం?"

"ఏం లే. సల్లగుండున్రి."

అని లేచి వెళ్లిపోయాడు. పిల్లల ఊసు ఇప్పుడెందుకు? బోడిగుండుకీ మోకాలికీ ముడేమిటి? ముసలాయనకి మతి చలించిందేమోనని కూడా అనిపించింది.

ఆ ఒక్క మాట యజమానితో చెబుదామనే అనుకున్నాడు కనకరాజు. రెండుసార్లు నోటిదాకా వచ్చింది కూడా. కానీ తోలే బాగుందని తన నోటితో తనే అంటే, తన ప్లాస్టిక్ ఎవరు కొంటారు? మింగేశాడు.

పద్దెనిమిది ఒరలూ అప్పజెప్పిన రోజునే మొగిలయ్య యూనిఫాం మడిచి బల్లమీద పెట్టి వెళ్లిపోయాడని తెలిసింది. కనకరాజుకి మనసులో ఏదో కలుక్కుమంది. పనిలో పడి మరిచిపోయాడు.

మరో పదిహేను రోజులకి పట్టాభిరామయ్య ఫోన్ చేశాడు.

"ఒకసారి కొట్టుకి రావోయ్."

గొంతు బాగాలేదు. ప్లాస్టిక్ పగిలిందేమోనని కనకరాజు ఉన్నపళంగా ఆటో ఎక్కాడు. దిగి ఒక్క ఉరుకున వెళ్లాడు.

"నల్లపూసల గొలుసొకటి కనబడక కెమెరా రికార్డింగులన్నీ తిరగేశాం," అన్నాడు పట్టాభిరామయ్య. "నిన్నటి నుంచీ మొగిలయ్య కోసం వెతుకుతున్నాను. ఫోను పనిచెయ్యట్లేదు. ఇన్నేళ్లు కాపలా కాశాడు, ఏ ఊరో కూడా అడగలేదు మేం."

"అంటే... ఆయనే తీశాడా? నాకు ముందునుంచీ అనుమానమే సార్! ఆ మాటలూ, ఆ చూపులూ..."

"నోర్ముయ్. గొలుసు ట్రే కిందే దొరికింది. ఇది చూడు."

టీవీలో ఆ శుక్రవారం. కనకరాజు లోపలికొస్తున్నాడు. చెయ్యి చాచాడు.

వెనక గుమ్మం దగ్గర మొగిలయ్య. పక్కనున్నావిడ చేతులు చెవుల మీదికి వెళ్లేలోపే అతని తుపాకీ బయట ఉంది. గురి సరిగ్గా కనకరాజు తల వెనక. వేలు మీట మీద.

కళ్లు మాత్రం, గుండీలు విప్పుతున్నప్పటి నుంచీ, ఎదురు గోడ అద్దంలో ఉన్నాయి. ఆ అద్దంలో, వెర్రినవ్వు నవ్వుతూ కనకరాజు మొహం.

కనకరాజు చెయ్యి తనకు తెలియకుండానే తల వెనక్కి పోయింది. అక్కడే కింద కూలబడ్డాడు.

"పైకి చూడు, అయిపోలేదు," అన్నాడు పట్టాభిరామయ్య, మెల్లగా.

టీవీలో జనం ఇంకా ఇటు తిరగనే లేదు, మొగిలయ్య తుపాకీ దించేసి ఒరలో పెట్టేశాడు. తీయడం చేతకాక కుస్తీ పడుతున్నాడని కొట్టంతా నవ్విన ఆ క్షణంలో, ఒక మనిషిని బతకనిచ్చిన వేళ్లు ఇంకా వణుకుతుంటే, అతను గుండీలు పెట్టుకుంటున్నాడు.